గౌరీదేవికి గగన్‌వీర్ కేకు

కద్మా, జంషెడ్‌పూర్
నవంబరు, 1984

మా కస్తూరక్కకి,

అందరం బాగున్నామని రాస్తే అబద్ధమవుతుంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

పక్క వీధిలో ఫోర్‌మన్ గారి భార్య గౌరీదేవి ఉంది కదా, మన సోంపేట మనిషే, అయినా మాతో హిందీలోనే మాట్లాడుతుంది. వాళ్ళబ్బాయి బలరామ్ పుట్టినరోజుకి మా చినబాబుని పిలిచింది. ఇస్త్రీ చొక్కా తొడిగి పంపాను. బేకరీ నుంచి తెప్పించిన కేకట. మిగతా పిల్లల్ని సోఫాలో కూచోబెట్టి పింగాణీ ప్లేట్లలో పెట్టింది. నా కొడుక్కి మాత్రం న్యూస్‌పేపరు ముక్కలో పెట్టి, "బాహర్ బైఠ్ కే ఖా" అందట, బయట కూచుని తినమని. వీడి నాన్న కాంట్రాక్టు కూలీ కదా, సోఫాకి మసి అంటుకుంటుందని కాబోలు! వీడు మెట్టు మీద కూచుని తిని, నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. అది అవమానమని కూడా వాడికి తెలీలేదక్కా. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

జిడ్డు మరకల ఆ కాయితాన్ని మడిచి బియ్యం డబ్బాలో దాచాను. బియ్యం తీసినప్పుడల్లా దాన్ని చూసి, "బాహర్ బైఠ్ కే ఖా అట, నా కొడుకుని!" అని పైకే అంటాను. మా ఆయన "ఒగ్గీయే, పిల్లల గొడవకి నీకేటి?" అంటారు. ఎలా ఒగ్గేస్తాను?

వచ్చే ఆదివారం చినబాబు పుట్టినరోజు. ఇక్కడి పిల్లలు చదివే బొమ్మల పుస్తకంలో గగన్‌వీర్ అని ఆకాశంలో ఎగిరే వీరుడున్నాడు, నీలం బట్టలు, వీపున ఎర్ర గుడ్డ. అచ్చం అలాంటి కేకు నా చేత్తో నేనే చేస్తాను. ఏ బేకరీవాడూ చెయ్యలేడు. బలరామ్‌ని కూడా పిలుస్తాను. గుమ్మం బయట నిలబెట్టి, వాళ్ళమ్మ ఇచ్చిన ఆ కాయితంలోనే పెట్టిస్తాను. అప్పుడు గానీ నాకు అన్నం సయించదు. వద్దని రాయకు.

నీ చెల్లి
రత్నం

కద్మా
బుధవారం

అక్కా,

నీ జవాబు రాకముందే అంతా అయిపోయింది.

డేక్సాలో ఏటి ఇసుక పోసి, కుంపటి మీద పెట్టి, మూత మీద నిప్పులు పరిచి కాల్చాను. జుగ్సలాయి బజారు నుంచి మిఠాయి రంగులు తెప్పించాను. పైకి చాచాల్సిన చేతులు విరిగిపోతే ఒంటికి ఆనించి అతికించాను. కిరీటంలా ఉంటుందని కొవ్వొత్తులు తల చుట్టూ గుచ్చాను. చూసుకుని ఎంత మురిసిపోయానో!

పిల్లలంతా వచ్చారు. బలరామ్‌ని గుమ్మం దగ్గరే ఆపాను. కాయితం పీట మీద సిద్ధంగా పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాను. అంతలో మా అత్త నూకమ్మ వంటింట్లోంచి వచ్చి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! మనిసిని పడుకోబెట్టి తలకాడ దీపాలెట్టినావేటే! పుట్టినరోజు పూట ఇంట్లో పీనుగేటే!"

చూస్తే నిజమే. చినబాబు కత్తి పారేసి ఏడుపందుకున్నాడు.

అప్పుడు గుమ్మంలోంచి బలరామ్ అరిచాడు. "అరే, సోయా నహీ హై! ఉడ్ రహా హై!" పడుకోలేదట, ఎగురుతున్నాడట! నన్ను తోసుకుని లోపలికొచ్చి, కొవ్వొత్తులు పీకి కాళ్ళ దగ్గర గుచ్చాడు. "పీఛే సే ఆగ్ నికల్తీ హై నా!" అన్నాడు. నిజంగానే గగన్‌వీర్ కాళ్ళ వెనక నిప్పులు కక్కుతూ ఎగురుతున్నాడు. పిల్లలు ఇల్లెగిరిపోయేలా అరిచారు. మా అత్త కూడా నవ్వింది.

చినబాబు కేకు కోశాడు. నేను తేరుకునేలోపే పీట మీది కాయితం తీసి, ఒక ముక్క అందులో పెట్టి బలరామ్‌కి ఇచ్చాడు. "బాహర్ బైఠ్ కే ఖా" అన్నాడు.

గౌరీదేవి ఆ మాట ఒక్కసారే అంది. వాడి చెవిలో రోజూ పోసింది నేనే. బలరామ్ నవ్వుకుంటూ వెళ్ళి మెట్టు మీద కూచున్నాడు. వాడికీ తెలీలేదక్కా, అది అవమానమని.

వెళ్ళి వాడి చేతిలోంచి కాయితం లాక్కుని కుంపట్లో పడేశాను. రెక్క పట్టి లోపలికి తెచ్చి, చినబాబు పక్కన కూచోబెట్టి, గగన్‌వీర్ తల మొత్తం వాడికే పెట్టాను. చినబాబు మూతి ముడుచుకుంటే వాడికి ఛాతీ ఇచ్చాను.

గౌరీదేవి మీద కోపం పోయిందనుకోకు. పిల్లాడి మీద తీర్చుకోకూడదనుకున్నాను, అంతే. ఆవిడ వాటా ఆవిడకి పంపాలి కదా! నా పెళ్ళికి నువ్వు పెట్టిన స్టీలు కంచం తీశాను, అంచున నా పేరు చెక్కించావు చూడు, అదే. అందులో పెద్ద ముక్క పెట్టి, "లోపల సోఫాలో కూచుని తినమని అమ్మతో చెప్పు" అని బలరామ్ చేతికిచ్చాను.

కంచం ఇంకా వెనక్కి రాలేదు. ఖాళీగా పంపకూడదు కదా. ఏం పెట్టి పంపాలో, ఏ ముఖంతో పంపాలో తేల్చుకోలేక అవస్థ పడుతోందిట. పడనీ. నాకేం తొందర లేదు, ఈమధ్య అన్నం బాగానే సయిస్తోంది.

నీ
రత్నం