చప్పట్లు వద్దన్న పిల్ల

శారదా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. పొద్దున ఉయ్యూరు నుంచి చక్కెర మిల్లు వాళ్ళు మన ల్యాబ్‌కి వచ్చారు. శాటిలైట్ ఫొటోలు చూసి ఏ చెరకు తోట ఎప్పుడు నరకాలో చెప్పే మన ప్రోగ్రామ్ వాళ్ళకి నచ్చితే ప్రాజెక్టు మనదే. వాళ్ళ ముందు పరీక్ష పెట్టి చూపిస్తే ఫలితాలు దాదాపు నూటికి నూరు వచ్చాయి. చప్పట్లు కొట్టబోతుంటే నాగమణి లేచింది. పీహెచ్‌డీకి నువ్వు ఏరి తీసుకున్న పిల్లే.

"ఆగండి సార్, ఇది తప్పు. ప్రోగ్రామ్‌కి నేర్పడానికి వాడిన తోటలే పరీక్షలోనూ కలిసిపోయాయి. ఇప్పుడే చూశాను."

"ఏమ్మా, మంచి మార్కులొస్తే చేదా?" అని నవ్వాడు మిల్లు పెద్దాయన.

"పేపరు ముందే చూసి రాస్తే అవేం మార్కులండీ!"

సరిదిద్దాక మాట్లాడదామని వెళ్ళిపోయారు. మళ్ళీ వస్తారో రారో.

"నేను చెడగొట్టానా మేడమ్?" అంది బిక్కమొహంతో.

ఈ పిల్లలకి ఉద్యోగం తెచ్చే చదువు తప్ప ఇంకేమైనా నేర్పుతున్నానా అని నా అనుమానం నీకు తెలుసుగా. ఇవాళ అది కాస్త తగ్గింది.

ఫస్టియర్‌కి నువ్వు చెప్పే సోమవారం క్లాసు ఇన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు, నేనే చెప్పాను. ఈ సోమవారం నాగమణి చెబుతుంది. నేను వెనక బెంచీలో కూర్చుని వింటాను.