కాలీఫ్లవర్ ఆకు తిప్పి చూడండి

ఏమండీ,

అక్కకు జ్వరమని కదిర్కామం పోతున్నా. రేపు సాయంత్రానికి వచ్చేస్తా. అన్నం, రసం మూతపెట్టి ఉంచినా.

మిద్దెమీద మూడో తొట్టిలో కాలీఫ్లవర్ ఆకు జల్లెడైపోయింది. ఎండకు మాడిందని ఇంకా నీళ్ళు పోయకండి, అది లద్దెపురుగు. ఆకు తిప్పితే నూగు కప్పుకున్న గుడ్లు, పక్కనే పిల్లపురుగుల గుంపు కనిపిస్తాయి. ఈరోజే ఆ ఆకులు తుంచి సబ్బునీళ్ళ బకెట్లో వెయ్యండి. రేపటికి అవి చెదిరిపోతే, ఇప్పుడిప్పుడే కట్టిన తొలి పువ్వు మనకు దక్కదు. అంగట్లో మందు మాత్రం తేవద్దు, మన చిన్నది కవిప్రియ పక్క తొట్లో టొమేటోలు కడక్కుండానే తింటుంది.

పోయిన వారం కలుపని మీరు పీకేసిన ఆముదం మొక్కలు నేను కావాలని పెట్టినవే. పురుగు ముందు వాటిమీదికి పోవాలని. నా నడుము నొప్పి చూసి మీరు వంగి పీకినారు గనుక నోరు మూసుకున్నా.

పురుగంటే మీకు ఒళ్ళు జలదరిస్తుందని తెలుసు. చేతికి కవరు తొడుక్కోండి. ఎదురింటి వసంతమ్మత్తను సాయానికి పిలవకండి, మన నెల్లితోపు పేటంతా చెప్పి నవ్వుతుంది.

జయంతి

మరీ చేతకాకపోతే వదిలేయండి. పువ్వు పోతే మారు మొక్క నాటుకుందాం. బెదిరి మిద్దె మెట్లు మాత్రం పరుగున దిగకండి, మీకు మారు మొక్క నా దగ్గర లేదు.