భోజనాల దగ్గర వాయించవలసిన డైవర్టిమెంటో

నేలపాటి జోసఫిన్ అనే నేను, కృపావరం గారి కుమార్తెను, వయసు ఇరవై ఏడు, టెక్సాస్‌లోని ఇర్వింగ్ నివాసిని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. తెలివి కాస్త ఎక్కువగానే పనిచేస్తోంది. ఉత్సాహంతో కాలు నిలవడం లేదు. సోమవారం డాలస్‌లో నా ఎడమ కిడ్నీ తీసి, మా తెలుగు చర్చిలో కీబోర్డు వాయించే లెవి అంకుల్‌కు అమరుస్తారు. ప్రమాదం చాలా తక్కువన్నారు. అయినా నేను రాసిన డైవర్టిమెంటో అనే సంగీత రచన నిన్ననే పూర్తయింది. దాన్ని దిక్కులేనిదాన్ని చేయలేను.

1. నా కారు, బ్యాంకులో ఉన్నదంతా సర్వహక్కులతో అమ్మ దీనమ్మకు. అమ్మానాన్నలకు చదవడం రాదు. ఈ వీలునామాకు కార్యనిర్వాహకురాలు, మా చర్చిలోని పర్సిస్ ఆంటీ ఈ కాగితాన్ని వాళ్లకు ఫోన్‌లో చదివి వినిపించాలి. నవ్వు వచ్చిన చోట ఆగి నవ్వనివ్వాలి.

2. నా వయొలిన్ ఆంటీ కూతురు రియాకు. ప్రాక్టీస్ చేయలేదని తిట్టకూడదు.

3. డైవర్టిమెంటో అంటే ఒకప్పుడు ఐరోపాలో విందుల్లో వాయించిన సరదా సంగీతం. నాది రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కోసం రాసిన నాలుగు చిన్న భాగాలు. వయొలిన్లు అక్కాచెల్లెళ్లలా ఒకరి మాట ఒకరు అందుకుంటాయి. వయోలా మధ్యలో దూరి తగువు పెడుతుంది. చెల్లో పెద్దమనిషిలా తలూపుతూ నడుస్తుంది. రెండో భాగం మినుయెట్, అడుగులేసే నాట్యం. మూడోది ఒక్కటే నెమ్మది. అదీ ఏడుపు కాదు, తిన్నాక కుర్చీలో వెనక్కి వాలినంత. చివర తీగలను వేళ్లతో మీటేది నాన్న పెళ్లి బ్యాండులో కొట్టిన డ్రమ్ము వరస. ఆయనకు చెప్పలేదు. ఈ కాగితం చదివినప్పుడు వింటే తెలుస్తుంది.

4. ముఖ్యమైన షరతు. మా చర్చిలో ఎవరైనా పోతే, ఆదరణ కూడికలో ఏ పాటనైనా సగం వేగానికి దించేస్తారు. ఇది లెవి అంకుల్ పెట్టిన అలవాటు. నా మొదటి భాగం విని ఆయన, “ఏంటమ్మా జోసీ, ఇది చర్చిలో ప్లే చేసేదేనా? బిర్యానీ లైన్ దగ్గర పెట్టుకో!” అన్నారు. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత తట్టింది, దాని చోటు సరిగ్గా అదే! కనుక నాకు ఆదరణ కూడిక జరగవలసి వస్తే, దీన్ని భోజనాల దగ్గరే, రాసిన వేగంతోనే వాయించాలి. జనం మాట్లాడుకోవచ్చు, మారు వడ్డించుకోవచ్చు. వాయించేవాళ్లు మాత్రం కళ్లు తుడుచుకుంటూ తాళం తప్పకూడదు.

5. లెవి అంకుల్‌కు టిక్ టిక్‌మంటూ తాళం వేగం చెప్పే నా మెట్రోనోమ్. సరైన వేగం దగ్గర టేపు అంటించాను, పీకవద్దు. మా ఇంట్లో బడికెళ్లిన మొదటి మనిషిని నేను. ఇక్కడికి స్టూడెంట్‌గా వచ్చినప్పుడు నాకు కారు లేదు. ప్రతి ఆదివారం నన్ను ఎక్కించుకెళ్లి, “చెవికి వచ్చింది సరే, కంటికి రావద్దా?” అంటూ స్వరలిపి చదవడం నేర్పింది ఆయనే. కిడ్నీ దానికి బదులు కాదు, ఇష్టంతో ఇస్తున్నది. అయితే అది ఆయనలో పనిచేస్తున్నంత కాలం నా మినుయెట్‌ను నెమ్మదిగా వాయించే హక్కు ఆయనకు లేదు.

6. నేను లేచి కూర్చుంటే పై షరతులన్నీ రద్దు, ఒక్క వేగం తప్ప. డాక్టరు ఒప్పుకున్న తొలి ఆదివారం మొదటి వయొలిన్ నేనే వాయిస్తాను. లెవి అంకుల్ ప్లేటు పట్టుకుని లైన్లో ముందు నిలబడాలి.

2026 మార్చి 7, ఇర్వింగ్.
(సంతకం) నేలపాటి జోసఫిన్

సాక్షులు, ఈ వీలునామాలో తమకేమీ దక్కని మా పక్కింటివాళ్లు: నమ్రత, ఆరుష్