ఫ్రిజ్ మీది పెరుగు గీత

ఏమండీ,

మీరు పోయాక ఇది రెండో చలికాలం. నిన్న మన జెర్సీ సిటీ బిల్డింగ్‌లో హీటర్ చెడిపోయి, వంటిల్లు మీరెన్నడూ చూడనంత చల్లబడింది. పొద్దున్నే పాలు తోడు వేసి, ఫ్రిజ్ తలుపు మీది మీ గ్రాఫ్ ముందు నిలబడ్డాను. ఏ చలికి పెరుగు ఎన్ని గంటల్లో తోడుకుందో చుక్కలు పెట్టి, వాటి మధ్యగా మీరు స్కేలుతో గీసిన గీత. "పెరుక్కి కూడా లెక్కలేనా?" అని నవ్వేదాన్ని గానీ, అది చెప్పిన వేళకే గిన్నె మూత తీసేదాన్ని.

నిన్నటి చలి మీ చుక్కలన్నిటికీ అవతల ఉంది.

"లైన్‌ని ఎక్స్‌టెండ్ చెయ్ మమ్మీ, సింపుల్!" అంది మన స్వప్న.

చుక్కలు లేనిచోట గీతని నమ్మొద్దనేవారు మీరు. అయినా పొడిగించాను. సాయంత్రానికి తోడుకుంటుందని గీత చెప్పింది. సాయంత్రం చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. ఈ పొద్దున్నకి గానీ పెరుగు కాలేదు.

కొత్త చుక్క నేనే పెట్టాను. మీ గీతకి చాలా పైన పడింది.

"ఇప్పుడు న్యూ లైన్ గీయాలి కదా? డాడీ అయితే పాతది ఎరేస్ చేసేవాడు," అంది స్వప్న, స్కూలు బ్యాగు తగిలించుకుంటూ.

నిజమే, మీరు పెన్సిల్‌తో గీసిందీ అందుకే. స్వప్న వెళ్ళిపోయాక రబ్బరు తీశాను గానీ, మీ గీత చెరపలేదు. తప్పని తెలిశాక కూడా ఎందుకుంచావని మీరు అడుగుతారేమో.

రబ్బరు డ్రాయర్‌లో పెట్టేసి, ఒక్కదాన్నే పెరుగన్నం తిన్నాను.