శ్రీకళ కుందేళ్లు

దిల్‌సుఖ్‌నగర్

యాదగిరి అన్నకు,

మీ చెల్లెలు పోయాక ఆమె స్థానంలో ఈ ఇంటికి వచ్చినదాన్ని రాస్తున్నాను. అక్క పేరిట వేసిన బంగారు బిళ్ల నా మెడలోనే ఉంది. ప్రతి శుక్రవారం దానికి పసుపు పెడుతున్నాను.

పోయిన నెల ఫోన్‌లో కుందేళ్ల సంగతి చెప్పాను కదా. బడంగ్‌పేట్‌లో మీకు పెరడుంది, రెండింటినీ తీసుకుపొమ్మన్నాను. అవి ఎవరినీ దగ్గరకు రానివ్వవు. మా చిన్నోడి వేలు కరిచాయి. శ్రీకళ వాటినే వెనకేసుకొచ్చింది. "తమ్ముడే చెవులు గుంజిండు చిన్నమ్మా, గందుకే కరిచినయి" అని నా మొహం మీదే అంది. తొమ్మిదేళ్ల పిల్లకు అంత నోరు! ఆ రోజు నుంచి అన్నం కూడా బాల్కనీలో వాటి పక్కనే తినమన్నాను. అక్కడే తింటున్నది. మీ బావ చూసి బాల్కనీ తలుపు దగ్గరగా వేశారు.

తల్లి లేని పిల్లకు మేనమామే దిక్కంటారు. ఆదివారం పొద్దున ఎల్బీ నగర్ మెట్రో దగ్గరికి రండి. బడి నుంచి టీసీ తీసుకున్నాం, బట్టలు సంచిలో సర్దాను. కుందేళ్లను ముందే మీ ఇంటికి పంపామని శ్రీకళకు చెబుతాను, లేకపోతే అది కదలదు. మీరూ అవుననండి.

నిజానికి వాటిని ఇక్కడే ఉంచుకుంటున్నాం. పంపించేస్తామంటే చిన్నోడు ఒకటే ఏడుపు. పిల్లలు ఏడిస్తే నేను చూడలేను, అన్నా.