ఖాజూ వంతెన కింద నాన్న

ఇస్ఫహాన్, సోమవారం

అమ్మా,

నాన్న కులాసా, కంగారు పడకు. పక్షవాతంతో పోయిన మాట గురించి మాత్రం డాక్టరు గారు ఏమీ చెప్పలేనన్నారు. దిగులుగా గదిలో కూర్చోలేక ఇద్దరం ఊరు చూడటానికి బయలుదేరాం. పెద్ద మైదానం, నీలి పెంకుల మసీదు చూశాం. ఖాజూ వంతెన దగ్గర నేను గజ్ మిఠాయి కొని వెనక్కి తిరిగేసరికి నాన్న లేడు. ఏడుస్తూ కనిపించిన వాళ్లనల్లా అడిగాను. వంతెన మీద ఒక ముసలాయన, "బూడిద రంగు టోపీ ఆయనేనా? కింద మావాళ్లతో కూర్చున్నాడు, ఏడవకు తల్లీ" అన్నాడు. దిగి చూస్తే, కమాను కింద పాడుకునే పెద్దవాళ్ల మధ్య నాన్న గొంతెత్తి పాడుతున్నాడమ్మా. ఒక్క మాటా తడబడలేదు. పాట అయ్యాక నన్ను చూసి, కూడబలుక్కుని, "ఆకలి" అన్నాడు. కబాబు, రొట్టె కడుపునిండా తిన్నాడు.

శనివారం పొద్దున్నే దిగుతాం, బస్టాండుకు బహ్‌రామ్ అన్నయ్యను పంపు. చలి ముదిరింది, దానిమ్మ మొక్కలకు గోనెలు కప్పించావా? నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అత్తయ్యకు నా సలాములు.

నిన్నటినుంచి నాన్న నీ పేరు పలకాలని చూస్తున్నాడు. "గోల్" వరకు వచ్చింది. "నార్" నీ ఎదుటే అంటాడేమో, గుమ్మంలో ఉండు.

నీ మహ్‌రుఖ్