బావను గురువారం పంపొద్దు

కాటన్‌పేట, బెంగుళూరు
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు, చెల్లెలు లక్ష్మి నమస్కారాలు.

నువ్వు, బావ, పిల్లలు, మీ అత్తమ్మగారు అందరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అలా రాయడం చేతికి అలవాటైపోయి రాసేశాను గానీ, ఈసారి ఆ ఒక్క మాట రాసి మడిచేస్తే కుదరదు. నీ ఉత్తరం నిన్న అందింది. తాయెత్తు కూడా భద్రంగా అందింది. గురువారం బావ వచ్చి మా శైలును కాలేజీ మాన్పించి హిందూపురం తీసుకుపోతాడని రాశావు. మా ఆయన మిమ్మల్ని అలా అడిగాడన్న సంగతి నాకు నీ ఉత్తరం చదివాకే తెలిసింది. కన్నతల్లికి అందరికంటే చివర తెలిసింది చూడు! ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే నా అక్షరాలు ఇలా ఉన్నాయి.

ఆయన నీకు సగమే చెప్పి ఉంటాడు. మిగతాది నేను చెబుతాను.

శైలు పదో తరగతి దాకా మన ఊళ్ళో తెలుగులో చదువుకుంది కదా. ఇక్కడ కాలేజీలో అంతా ఇంగ్లీషు, బయట అంతా కన్నడం. మొదటి ఏడాది నోరు మూసుకుని నెట్టుకొచ్చింది. రెండో ఏడాది మొదలైన కొత్తల్లో ఒకరోజు సిటీ బస్సులో నిలబడి ఉండగా గుండె దడదడలాడి, చేతులు తిమ్మిరెక్కి, ఊపిరి అందక, చచ్చిపోతున్నానని కూలబడిపోయింది. బస్సులో వాళ్ళు మూర్ఛ అనుకుని తాళాల గుత్తి దాని గుప్పిట్లో కుక్కారట. దానికి తెలివి ఉంది, అందరి మాటలూ వినిపిస్తున్నాయి, మూర్ఛ కాదని చెప్పడానికి నోరు పెగల్లేదు. మళ్ళీ వారానికి క్లాసులో వచ్చింది. తర్వాత ఇంట్లో. మా వఠారం సంగతి నీకు తెలుసు, ఎవరికి ఏమైనా అందరూ వచ్చేస్తారు. ఉన్న ఒక్క గదిలోకి ఎనిమిది కాపురాల వాళ్ళూ దూరారు. ఒకరు ఉల్లిపాయ వాసన చూపించారు, ఒకరు మొహాన నీళ్ళు కొట్టారు. అందరూ మంచివాళ్ళే గానీ వాళ్ళ మధ్య దానికి గాలి ఆడలేదు.

గుండె పరీక్ష చేయించాం. గుండె బాగుందని చెప్పి టానిక్కు రాసిచ్చారు. నేను దిష్టి తీశాను. మిరపకాయలు ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చాను కూడా. నవ్వకు, నువ్వయినా అదే చేసేదానివి.

ఆ తర్వాత చేసిన పని రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. నేను గార్మెంట్స్‌లో కాలర్లు కుడుతున్నానని నీకు తెలుసు. పొద్దున గేటు మూశారంటే సాయంత్రం దాకా తీయరు. ఇంటి నుంచి ఫోను వచ్చినా మిషన్ల దగ్గర ఉన్నవాళ్ళకు చెప్పరు. పిల్ల ఏ రోడ్డు మీద పడిపోతుందోనని భయపడి, కాలేజీకి పోవద్దన్నాను. గడప దాటుతుందేమోనని బయట తాళం వేసి, తాళంచెవి టిఫిన్ సంచిలో వేసుకుని పనికి పోయాను. ఒకరోజు కాదక్కా, పదకొండు రోజులు.

పదకొండో రోజు దానికి మళ్ళీ వచ్చింది. తలుపు బాదింది. వఠారం యజమాని తల్లి రుక్కమ్మవ్వ విని వచ్చింది. వాళ్ళు ఎప్పటి నుంచో ఇక్కడే బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్ళు. ఆ ముసలామె కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి శైలు చెయ్యి పట్టుకుందట. ఏం చేయాలో తోచక ఇలా అడిగిందట.

"ఏమే శైలూ, మీ పక్క ఉగ్గాని ఎట్ల చేస్తారు?"

"అవ్వా, నేను సచ్చిపోతాండా."

"అది ఉండనీ. ముందు బొరుగులు నానేస్తారా, తిరగవాత పెడతారా?"

"నానేసి... పిండాల."

"నేను పావుగంట నానేస్తానప్పా."

"అంతసేపా! అట్లయితే సంగటి అయిపోతాది, అవ్వా."

మాటల్లో పుట్నాల పొడి చల్లే దాకా వచ్చేసరికి దాని ఊపిరి దారిన పడింది. సాయంత్రం నేను వచ్చేసరికి రుక్కమ్మవ్వ మా గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఏం మనిషివమ్మా నువ్వు! బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటా ఉండాది, నువ్వు బీగం ఏసుకోని పన్లోకి పోతివి. గొడ్డునైనా అట్ల కట్టేస్తారా?"

వఠారమంతా విన్నది.

ఆ తర్వాత కాలేజీ మేడం ఒకామె చెబితే మనసు జబ్బులు చూసే పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఇది గుండెజబ్బు కాదు, పిచ్చి కాదు, నాటకమూ కాదు అంది ఆమె. ఒంట్లో భయం ఒక్కసారిగా పైకి లేస్తుందట, కాసేపటికి దానంతటదే దిగుతుందట. మీద పడి పట్టుకోకుండా పక్కన కూర్చోవాలి, ఊపిరి నెమ్మదిగా బయటికి వదలమనాలి. ఎక్కడ భయం వేసిందో అక్కడికే కొంచెం కొంచెంగా పోవాలి, మానేస్తే భయం ముదురుతుంది అంది. అలాగే చేస్తున్నాం. మొదట ఒక్క స్టాపు, తర్వాత రెండు. మొదట నేను పక్కన కూర్చున్నాను, తర్వాత వెనక సీట్లో. మొన్న దానికి బస్సులో వచ్చింది. చెవులు ఎర్రబడటం వెనక నుంచి చూస్తున్నాను. లేచి పట్టుకోకుండా ఉండటానికి నా కొంగు నేనే పళ్ళతో కొరుక్కున్నాను. శైలు మధ్యలో బస్సు దిగిపోలేదు, కాలేజీ దాకా పోయింది.

అలాగని అంతా సర్దుకుందని కాదు. హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. వఠారంలో మూర్ఛ పిల్ల అన్న పేరు పోలేదు. మా ఆయనతో మాట్లాడబోతే, "సదువు లేకపోతే ఏమయితాది, బతికుంటే సాలు" అని గోడ వైపు తిరుగుతాడు. ఆయనది భయమే, నాకు తెలుసు. ఫ్యాక్టరీలో కాలర్ల ముందు కూర్చుంటే ఇప్పుడు నాకే ఊపిరి బిగుస్తోంది. లేచి పోదామంటే గేటు. ఇంటికి వస్తే ఆయన మౌనం. ఎటు పోవాలో తెలియడం లేదక్కా.

నీ ఉత్తరం శైలు కూడా చదివింది. "పెద్దమ్మంటే నాకిష్టమే. సెలవులకు పంపు, పోతాను. ఇప్పుడు పోతే మళ్ళీ ఈ బస్సు ఎక్కలేనమ్మా" అంది. ఇన్నాళ్ళూ నేను అడగలేకపోయిన మాట అప్పుడు అడిగాను.

"ఆ రోజు లోపల ఏమనుకున్నావే? నా మీద కోపం వచ్చిందా?"

"కోపం రాలేదు. నేను సచ్చిపోతే నువ్వొచ్చి బీగం తీసి, ఒక్కదానివే చూస్తావే అని ఏడ్చినా."

అక్కా, ప్రాణం పోతోందనుకున్నప్పుడు కూడా అది నా గురించి ఏడ్చింది. అలాంటి పిల్లను నా భయం తీరడానికి ఇంకో ఇంట్లో దాచలేను. నీ ఇంటిని జైలంటున్నానని కోపగించుకోకు. బావను పంపొద్దు. ఈ ఉత్తరం అందేలోగా బయలుదేరి ఉంటే రానీ, కడుపునిండా అన్నం పెట్టి, ఒక్కడినే తిరుగు బస్సెక్కిస్తాను. మా ఆయనకు ఈ సాయంత్రమే చెబుతాను. అరుస్తాడు, అరవనీ.

వీలైతే శైలుకు విడిగా ఒక ఉత్తరం రాయి. ఒంట్లో ఎలా ఉందని అడగొద్దు, మీ దూడ సంగతులు రాయి. అత్తమ్మగారికి నా దండాలు, పిల్లలకు ముద్దులు. నువ్వు పెద్దదానివి, నాకు ధైర్యం రావాలని దీవించు. శైలుకు అది నాకంటే ఎక్కువే ఉంది.

నీ దీవెన కోసం చూస్తుండే చెల్లెలు,
లక్ష్మి